బోటుకు మోటరు బిగించిన బామ్మర్ది

నవ్వేవాళ్ళు ముందే నవ్వేసి కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది, చెప్పడం ఆపేస్తాను.

జహీరాబాద్ చుట్టుపక్కల ఎంత వెతికినా ఒక్కటే బోటు ఉండేది. దానికి డ్రైవర్ని నేను. గుండయ్య అంటే ఎవరూ గుర్తుపట్టరు గానీ, బోటు గుండయ్య అంటే చిరాగ్‌పల్లి చాయ్ హోటల్లో కూడా జరిగి చోటిచ్చేవాళ్ళు. కోహీర్ అవతల ఊటవాగు ప్రాజెక్టులో నీళ్ళ కొలత చూడడానికని డెబ్బై నాలుగులో లారీ మీద తెచ్చి దించారు ఆ ఇనుప బోటును. తొమ్మిదేళ్ళలో అది నీళ్ళలో తిరిగింది నాలుగంటే నాలుగుసార్లు. మిగతా కాలమంతా కట్ట మీద బోర్లా పడుకుంది, దాని నీడలో నేను పడుకున్నాను. నాకు ఈత రాదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తొమ్మిదేళ్ళూ రోజుకూలీగానే గడిచింది. పర్మనెంట్ చేయండని నేను పెట్టుకున్న అర్జీలన్నీ కుప్ప వేస్తే బోటు నిండేది. చివరికి ఎనభై మూడులో, చలి తగ్గే రోజుల్లో కబురొచ్చింది. ఇంజనీరు మదన్‌మోహన్ సారు శనివారం స్వయంగా వస్తారట. బోటెక్కి, చెరువు నడిమధ్య ఉన్న కొలత స్తంభం దాకా పోయి వస్తారట. బోటు నడిస్తే నా కొలువు పర్మనెంట్. నడవకపోతే బోటు పాత ఇనుముకు, నేను ఇంటికి.

ఇంట్లో చెప్తే మా ఆవిడ నాగవ్వ పడీ పడీ నవ్వింది.

"తొమ్మిదేండ్ల సంది నువ్వు బోటును చూస్తున్నవా, బోటు నిన్ను చూస్తున్నదా? జర లేపి చూడు, కింద పాములు గుడ్లు పెట్టి ఉంటయి."

పాములు లేవు గానీ పగులు ఉంది. అడుగున వేలెడంత పగులు. పెద్ద ప్రమాదమేమీ కాదు, బోటుతో పాటే దానికి మందు కూడా ఇచ్చారు. చెంబంత మోటరు ఒకటి. అది బోటులోని బ్యాటరీతో తిరుగుతుంది, లోపలికి ఊరిన నీళ్ళను బయటికి తోడేస్తుంది. కాకపోతే దాని వైర్లన్నీ ఎలుకలు తినేశాయి. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.

ఫికర్ చేయాల్సిన పనేముంది, నాకు బామ్మర్ది ఉన్నాడు కదా అనుకున్నాను. ఆ అనుకోవడమే నా కొంప ముంచింది.

నాగవ్వ తమ్ముడు బస్వరాజ్‌కు జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద మోటర్ల వైండింగ్ దుకాణం. రాయికోడ్ నుంచి కోహీర్ దాకా వాడు మోటరు దింపని బోరు లేదు, వాడు షాక్ తినని స్టార్టర్ డబ్బా లేదు. నా మోటరును అరచేతిలో పెట్టుకుని వాడు జాలిగా చూశాడు.

"త్రీ ఫేజు మోటర్లు రెండొందల ఫీట్ల కింద దింపినోన్ని బావా. గీ చెంబు నాకొక లెక్కనా?"

బ్యాటరీని రెండు రోజులు చార్జింగ్‌కు పెట్టి, సైకిల్ క్యారియర్‌కు కట్టి ప్రాజెక్టుకు తెచ్చాడు. దార్లో యాసిడ్ ఒలికి నా కొత్త లుంగీకి చిల్లి పడింది, అది వేరే సంగతి. పెళ్ళిళ్ళ మైకు సెట్టు నుంచి పీకిన స్విచ్చు ఒకటి బిగించాడు. ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు చుట్టి, టేపు వేసి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఎందుకు చూశాడో వాడికే తెలియాలి.

మోటరును చెరువులోకి వదిలాడు. పైపును కట్ట మీద పెట్టాడు. స్విచ్చు వేశాడు.

అబ్బా, ఏం ధార! బొటనవేలంత లావున తళతళా దూకింది. నాగవ్వ కుంకుమ తెచ్చి బ్యాటరీకి బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. ముగ్గురం ఆ నీళ్ళు దోసిట పట్టి కళ్ళకు అద్దుకున్నాం. మా వైపు పుట్టినవాళ్ళకు మోటరులోంచి నీళ్ళు రావడం కంటే పెద్ద సంబురం లేదు. ఆ సంబురంలో మా బుర్రలు పనిచేయలేదు. బోరు కొత్తగా పడినట్టు సంతోషపడ్డాం గానీ, ఇది బోరు కాదు, బోటు అన్న మాట ఒక్కరికీ గుర్తు రాలేదు.

తర్వాత వాడు దాన్ని బోటుకు బిగించాడు. ఎప్పుడూ బిగించినట్టే బిగించాడు. మోటరేమో బయట చెరువు నీళ్ళలో వేలాడుతుంది, పైపేమో లోపలికి వస్తుంది. సారు మీద చిందకూడదని పైపు మూతిని కూర్చునే పలక కిందికి దోపి, మూడు ముళ్ళు వేసి కట్టాడు కూడా. అప్పుడైనా నేను చూడాల్సింది. నేనేమో సారు ముందు తొడుక్కోవడానికి చొక్కా గుండీలు కుట్టించుకుంటున్నాను.

శనివారం మదన్‌మోహన్ సారు వచ్చారు. మెత్తటి మనిషి. బూట్లు, చంకలో ఫైలు. బోటెక్కి పలక మీద కూర్చున్నారు. బోటు ఇంజను తాడు మొదటి లాగుడుకే అందుకుంది. నా జన్మలో అంతగా ఎన్నడూ గర్వపడలేదు. సగం దూరం పోయాక అడుగున కొద్దిగా తడి కనిపించింది.

"నీళ్ళొస్తున్నట్టుంది కదయ్యా?" అన్నారు సారు.

"మోటరున్నది సార్, ఇప్పుడే తోడేస్తది," అని స్విచ్చు వేశాను.

కట్ట మీద నుంచి బస్వరాజ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి అరిచాడు.

"నీళ్ళొస్తున్నయా బావా?"

పలక కింద చెయ్యి పెట్టి చూశాను. "వస్తున్నయిరా!"

"ధార మంచిగుందా?"

"మస్తుగుందిరా!"

సారు బూట్లు తడిశాయి. తర్వాత సాక్సులు తడిశాయి. పగులు పెద్దదైందేమో అనుకున్నాను నేను. "మోటరు మాత్రం బంద్ చేయకు గుండయ్యా!" అన్నారు సారు. నేనెందుకు చేస్తాను? నీళ్ళు పెరిగిన కొద్దీ మోటరు తల్లికి మొక్కాను. పిక్కల దాకా వచ్చాక సారు పలకెక్కి నిలబడి ఫైలును నెత్తిన పెట్టుకున్నారు. స్తంభం ఇంకా ఇరవై గజాల దూరం ఉంది. బోటు ఒకసారి బుడబుడమని, మర్యాదగా, పక్కకు ఒరగకుండా కిందికి దిగిపోయింది.

"నాకు ఈత రాదయ్యా!" అంటూ సారు నా మెడ పట్టుకున్నారు.

"నాకూ రాదు సార్!" అంటూ నేను సారు నడుము పట్టుకున్నాను.

ఇద్దరం కళ్ళు మూసుకుని కేకలు పెడుతుంటే కట్ట మీద నుంచి నాగవ్వ అరిచింది.

"అయ్యో, లేసి నిలబడున్రి! నడుము లోతే ఉన్నది!"

నిలబడ్డాం. నిజంగానే నడుము లోతే. బోటు అంచు జానెడు నీళ్ళ కింద కనిపిస్తోంది, మోటరు ఇంకా గుయ్యిమంటోంది. అప్పుడు చూశాను పైపు ఎక్కడుందో. సారు కూడా చూశారు.

ఒడ్డుకొచ్చి బండ మీద కూర్చున్నాం. బస్వరాజ్ అప్పటికే సైకిలెక్కి పారిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళ కొలువు సార్, అని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన బాధ ఆయనది. ఉన్నదున్నట్టు రాస్తే, మీరెక్కిన బోటును మీరే ఎలా ముంచారని పై ఆఫీసువాళ్ళు సంజాయిషీ అడుగుతారు. నాగవ్వ ఇచ్చిన చాయ్ తాగి, తడి ఫైలు విప్పి, రాసింది నాకు చదివి వినిపించారు.

"బోటు ప్రాజెక్టు నీటిలో మునిగి ఉన్నది. ప్రభుత్వ ఆస్తి అయినందున, పైకి తీయుటకు నిధులు మంజూరగు వరకు కాపలాకు శాశ్వత ఉద్యోగి ఒకరు అవసరం. గుండయ్య తగినవాడు."

ఎప్పుడు మునిగిందో, ఎవరుండగా మునిగిందో రాయలేదు. ఆ బండ మీదే సారుకు సాష్టాంగపడ్డాను.

పై ఆఫీసు ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. వానకాలం మొదట్లో వాళ్ళ మనిషి వచ్చి, బోటు మునిగి ఉందని కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే ఆర్డరు చేతికిస్తారు.

ఇక ఎండాకాలం సంగతి వినండి. నీళ్ళన్నీ ఎండి బోటు బురదలో బయటపడింది. దానిలోని నీళ్ళూ ఆవిరయ్యాయి. నల్లమట్టి పగుల్లోకి దూరి రాయిలా బిగుసుకుంది. జూన్‌లో నాలుగు మంచి వానలు పడ్డాయి. ఒక ఉదయం నాగవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"లే అయ్యా! నీ బోటు లేసింది!"

పరుగెత్తి చూశాను కదా, నీళ్ళ మీద కొత్త పెళ్ళికొడుకులా ఊగుతోంది దరిద్రపు బోటు! ఒక్క చుక్క లోపల లేదు. తేలవే తల్లీ అని ఆనాడు మొక్కితే తేలనిది, ఇప్పుడు తేలింది. మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టే మనిషి వస్తున్నాడు. పగుల్లోని మట్టిని పొడుద్దామంటే ఊడదు, రాళ్ళు వేద్దామంటే రాళ్ళు పైకి కనిపిస్తాయి, బకెట్‌తో నీళ్ళు పోద్దామంటే నా నడుం విరుగుతుంది.

నాగవ్వ పోయి తమ్ముణ్ణి చెవి పట్టుకుని తెచ్చింది. వాడు తలెత్తకుండా వచ్చాడు. నాలుగు నెలలుగా వాడు నిద్రపోలేదట. ఎండాకాలంలో విప్పి, చార్జి చేసి దుకాణంలో పెట్టుకున్న బ్యాటరీని బోటెక్కించాడు, వైర్లు బిగించాడు. మోటరును బోటు లోపల పెట్టాడు, పైపు మూతిని బయటికి వేలాడదీశాడు. గర్వంగా నా వైపు చూశాడు.

"ఈసారి తప్పు లేదు బావా. లోపటి నీళ్ళు బయటికి."

"లోపట నీళ్ళెక్కడున్నయిరా! నీ కాళ్ళు మొక్కుత, పోయినసారి లెక్కనే పెట్టు!"

"పెట్ట. ఊరంత నవ్విన్రు. నా దుకాణం ముందల పోరగాండ్లు బోటు మెకానిక్ అని ఒర్లుతున్నరు. ఒక్కసారి తప్పు చేసిన, మళ్ళ చెయ్య."

బతిమాలాను, తిట్టాను. నా కొలువురా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. వాడు మొండిగా చేతులు కట్టుకుని బురదలో నిలబడ్డాడు. నాగవ్వ చీర దోపుకుని నీళ్ళలోకి దిగింది. మోటరును తీసి చెరువులో వేసింది, పైపును తీసి బోటులో పడేసింది, స్విచ్చు నొక్కింది.

బస్వరాజ్ ముఖం అటు తిప్పుకున్నాడు. నాగవ్వా నేనూ అంచు పట్టుకుని, లోపల నీళ్ళు పెరుగుతుంటే చూస్తూ నిలబడ్డాం. చాలాసేపయ్యాక, ఇటు చూడకుండానే, వెనక నుంచి మా బామ్మర్ది చిన్నగా అడిగాడు.

"ధార మంచిగుందా బావా?"