నలభై ఒకటో పేజీ

షికారు పడవలవాళ్ళు ఏ రేవులో ఆగాలో, ఎక్కడ లంగరు వేయాలో చెప్పే పుస్తకం రాసింది అక్క. ఇతరుల పుస్తకాల్లో తప్పులు పట్టడమంటే ఆవిడకి మహా సరదా. ఈసారి తన తప్పే దొరికింది.

రెండో ముద్రణ కోసం ఆఫీసులో కూర్చుని పాత నోటుబుక్కు సరిచూస్తోంది. ఆవిడ పద్ధతి ఒకటే. సీసం గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి లోతు రాసుకుంటుంది. ఇంటికొచ్చాక, ఆ వేళకి పోటు ఎంత ఎత్తున ఉందో చూసి, కొలిచిన లోతులోంచి అంత తీసేస్తుంది. తీసేసిన అంకె పక్కన ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడుతుంది. రెండు కొండల మధ్య మలుపు దగ్గర మాత్రం ఒక్క టిక్కూ లేదు. ఆ రోజు పడవలో కడుపులో తిప్పేసి, ఇంటికి రాగానే ముసుగు తన్ని పడుకుంది. ఆ అంకెలు అలాగే అచ్చుకి వెళ్ళిపోయాయి. నలభై ఒకటో పేజీ: 'ఎప్పుడూ మూడు మీటర్ల నీరు. నిశ్చింతగా లంగరు వేయవచ్చు.'

అందులో పోటే రెండు మీటర్లు. ఆటు వేళకి అక్కడ మిగిలేది ఒక్క మీటరు. కింద రాళ్ళు.

అక్క గబుక్కున ఫోను తీసింది. పొద్దున్న ఎనిమిదింటికి చెల్లెలు పంపిన మెసేజి ఫోన్లోనే ఉంది. 'నీ నలభై ఒకటో పేజీకి చేరాం. పాప గెంతులేస్తోంది. సాయంత్రం దాకా ఇక్కడే.' వాళ్ళ పడవకి మీటరున్నర నీళ్ళైనా ఉండాలి. ఈ రోజు పూర్తి ఆటు రెండు గంటలకి. ఇప్పుడు ఒంటిగంటన్నర.

ఫోను కలవలేదు. మళ్ళీ చేసింది, కలవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రేవు రేడియో గదికి పరిగెత్తింది. దారంతా గాలి కొడుతూనే ఉంది. ఆ గాలికి అలలు లేస్తే పడవని రాళ్ళకేసి బాదుతాయని ఆవిడకి తెలుసు.

రేడియో ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"రెండు కొండల మలుపా? మంచి చోటేనమ్మా, కంగారెందుకు?" అంటూ బల్ల మీది పుస్తకం తీశాడు. అక్క పుస్తకమే. "అడిగినవాళ్ళందరికీ నేను చూపించేది ఇదే."

"ఆ పేజీ తప్పండీ! రాసింది నేనే. ముందు పిలవండి, మీకు పుణ్యముంటుంది!"

రెండుసార్లు పిలిస్తే గరగర తప్ప ఏమీ రాలేదు. మూడోసారికి చెల్లెలి గొంతు వినిపించింది.

"అక్కా! పడవ ఒరిగిపోయింది. అడుగున ఏదో గీరుతోంది, లోపలికి నీళ్ళొస్తున్నాయే."

"పాపకి లైఫ్ జాకెట్ వేసి చిన్న పడవలో ఒడ్డుకి పొండి. సామాను జోలికి పోకండి. చేతి రేడియో తీసుకో!"

"సరే... ఆయన తాడు వేసి కొలుస్తానన్నారే. నేనే వద్దన్నాను. మా అక్క కొలిచాక మళ్ళీ మీరు కొలిచేదేంటని."

రేడియో మూగబోయింది. అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పాప ముఖం తప్ప ఆవిడ కళ్ళ ముందు ఇంకేమీ లేదు. ఏడు నిమిషాలు గడిచాయి. ఎనిమిది.

"ఒడ్డెక్కాం," అంది చెల్లెలు. వెనకాల పాప ఏడుపు వినిపించింది. అక్క కూడా భోరుమంది.

కళ్ళు తుడుచుకుని చూస్తే రేడియో ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ఆ పేజీ చూపించి పొద్దున్న ఇంకో రెండు పడవల్ని అటే పంపాను, ఇంకా దారిలోనే ఉంటాయి. నేను చెబితే నమ్మరు. వాళ్ళ చేతుల్లో మీ పుస్తకం ఉంది."

అక్క మైకు అందుకుంది.

"అన్ని పడవలకీ. నలభై ఒకటో పేజీ నమ్మకండి. ఆ పుస్తకం రాసిందాన్ని నేనే. అక్కడ లోతు తప్పు రాశాను."