కొత్త పొయ్యి, ఎడమ చెయ్యి

ఆస్ట్రేలియాలోని బల్లరాట్‌లో చలి చెప్పి రాదు, పొమ్మన్నా పోదు. విజయభాస్కర్ ఇంట్లో వేడిగాలి ఊదే డక్టెడ్ హీటింగ్ ఉంది కానీ, దాని ఫ్యాను తిరగాలంటే కరెంటుండాలి. పోయిన చలికాలం గాలివానకు కరెంటు పోయిన రోజు ఆయన మెల్‌బోర్న్‌లో ఇరుక్కుపోయాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన భార్య కళావతి ఒక్కతే ఇంట్లో దుప్పట్లు కప్పుకుని కూర్చుంది. ఆయన వచ్చేసరికి ఆమె పెదాలు నీలమెక్కి ఉన్నాయి. ఆనాడు పట్టుకున్న భయం ఆయన్ని మళ్ళీ వదల్లేదు. పాల ప్యాకెట్‌కి వెళ్ళినా పరుగున తిరిగొచ్చేవాడు.

అందుకే ఈసారి చలి ముదరకముందే కట్టెలతో మండే వుడ్ హీటర్ పెట్టించాడు. కరెంటు లేకపోయినా, తను లేకపోయినా, కళావతి తనంతట తాను వెలిగించుకోవాలి. అదీ ఆయన పట్టుదల.

రిటైరైన ఇంజనీరు కదా, సగం పని కొలతలతో చేస్తాడు, మిగతా సగం పంచాంగంతో. ఆగ్నేయమూల కుదిరింది, కప్పు మీద దూలం అడ్డు రాలేదు. ఇక ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పొగగొట్టం బిగించిన మనిషి, కొత్త పెయింటు వాసనొస్తుందనీ, మొదటిసారి చిన్నమంటే పెట్టి కిటికీలు తెరవమనీ చెప్పి వెళ్ళాడు. విజయభాస్కర్ కిటికీలు తెరిచాడు, హీటర్‌కి బొట్టు పెట్టాడు, ముహూర్తం చూసుకుని భార్యను పిలిచాడు.

కళావతి స్టూలు మీద కూర్చుని ఎడమచేత్తో లైటర్ అందుకుంది. ఏడాదిగా ఆమె కూర కలిపేదీ, సంతకం పెట్టేదీ ఆ చేత్తోనే.

"అయ్యయ్యో, ఎడమచేత్తో వద్దు కళా! ఫస్ట్ ఫైర్ కదా, శుభమా అని వెలిగిస్తూ..." అంటూ ఆయన లైటర్ లాక్కుని, ఆమె కుడిచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "నేను పట్టుకుంటాలే. జస్ట్ నొక్కు."

వేళ్ళు మూసుకోలేదు. లైటర్ జారి నేల మీద పడింది. ఆయన తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది.

"ఇది నాకోసం పెట్టించారా, మీ ముహూర్తం కోసమా?" అంది కళావతి. "కరెంటు పోయిన రోజున కుడిచెయ్యి ఎక్కణ్ణించి తెచ్చుకోను? ఏడాదిగా నన్ను బతికిస్తున్న చెయ్యండీ ఇది. దీన్ని అశుభం అంటారా?"

విజయభాస్కర్‌కి తల కొట్టేసినట్టయింది.

"కరెంటు మెయిన్ ఆఫ్ చేసి, మీరు బయటికెళ్ళండి."

"నేనెందుకు?"

"మీరు లేనప్పుడు వెలగాల్సిన పొయ్యి కదా. మీరు లేకుండానే చూద్దాం. నేను పిలిచేదాకా రావద్దు."

ఆయన మెయిన్ కట్టేసి, స్వెటరైనా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళాడు. ఈదురుగాలి చెవులు కోస్తోంది. కప్పు మీది పొగగొట్టాన్నే చూస్తూ నిలబడ్డాడు. లోపల ఏదో దబ్బున పడిన చప్పుడు. కట్టె జారిందో, మనిషే పడిందో! తలుపు దాకా ఉరికి, పిడి పట్టుకున్నాడు. తిప్పితే ఆమె ఇంకెప్పుడూ తనను నమ్మదని తెలుసు. పిడి వదిలేసి వెనక్కి వచ్చాడు. ఆ నాలుగడుగులు వేసేసరికి ఆయనకు ప్రాణం కడబట్టింది.

ముందు గొట్టం అంచున గాలి కాస్త వణికినట్టుంది. తర్వాత సన్నటి పొగ, ఆ వెనకే దట్టమైన పొగ. విజయభాస్కర్ కళ్ళు తుడుచుకున్నాడు. పొగ కళ్ళలో పడేంత దగ్గర్లో మాత్రం లేదు.

తలుపు తెరుచుకుంది. మసి అంటిన ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకుని నిలబడింది కళావతి.

"రండి, చలికాచుకోండి," అంది. "రేపటినుంచి మీరు ఎక్కడికి వెళ్ళాలన్నా వెళ్ళిరండి. నాకు కాపలా కాసే ఉద్యోగం నుంచి కూడా మీకు రిటైర్మెంట్ ఇచ్చేశాను."