ఓడవాళ్ల మంచినీళ్లు

గల్ఫ్‌లో సెలవురోజైన ప్రతి శుక్రవారం పొద్దున్నే సుధాకరరావు కారేసుకుని వక్రా బీచికి వెళ్లి, డబ్బాల నిండా సముద్రపు నీళ్లు పట్టుకొస్తాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో వాళ్లుండే విల్లా పోర్షన్ వంటింట్లో ఆ నీళ్లు మరుగుతాయి. గిన్నె మూతి మీద ఒక స్పాంజి వేలాడుతుంది. ఆవిరంతా దానికి పట్టాక పిండితే కూజాలోకి మంచినీళ్లు దిగుతాయి. పూర్వం ఓడల మీద తాగునీళ్లు అయిపోతే నావికులు ఇలాగే చేసుకునేవారట. ఆయన ఉద్యోగం కూడా రాస్ లఫాన్‌లో సముద్రాన్ని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులోనే. సెలవునాడు కూడా ఇదేం పని అని భానుమతి ఎప్పుడూ మొగుణ్ణి అడగలేదు. ఆవిడ మంట వేరే. ఈ పద్ధతి చెప్పిందీ, సముద్రంలో పెరిగిన ఆ స్పాంజి తెచ్చిచ్చిందీ ప్లాంటు ల్యాబులో పనిచేసే వసుంధర.

ఆ నీళ్లు తాగేటప్పుడు మనల్ని ఎవరైనా తలుచుకుంటుంటే ఎక్కిళ్లొస్తాయి. తలుచుకున్న మనిషి పేరు పైకి చెబితే టక్కున ఆగిపోతాయి. విల్లాలో అందరికీ అది మామూలే. పక్క పోర్షన్ జీనత్ అయితే, ఊళ్లో వాళ్లమ్మ తనని గుర్తు చేసుకుంటోందో లేదో చూసుకోవడానికి రోజూ ఓ గ్లాసు పట్టుకుపోతుంది. భానుమతికి మాత్రం, హైదరాబాద్ హాస్టల్లో ఉన్న కూతురు అమ్ముకి ఆకలేసినప్పుడే ఎక్కిళ్లొస్తాయి. ఎదురుగా కూర్చున్న మొగుడి వల్ల ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు గానీ లోలోపల కుళ్లిపోతోంది.

ఓ శుక్రవారం భోజనాల దగ్గర సుధాకరరావు గ్లాసు కింద పెట్టాడో లేదో ఎక్కిళ్లు మొదలయ్యాయి.

"అమ్ము," అంది భానుమతి అన్నం వడ్డిస్తూ. ఆగలేదు.

"మీ అన్నయ్య రామకృష్ణారావు గారు." ఆగలేదు.

"పోనీ, నేనా?"

"క్," అన్నాడు సుధాకరరావు.

ఇంక మిగిలిన పేరు ఆవిడ నాలుక చివరే ఉంది. చెప్పాక ఎక్కిళ్లు గనక ఆగితే? చెప్పకపోతే కనీసం అనుమానంగానే ఉండిపోతుంది. గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడూ పోలేదు, ఆ మర్నాడూ పోలేదు. కంట్రోల్ రూములో కూర్చుని వైర్‌లెస్‌లో మాట్లాడాల్సిన మనిషి "వాల్వ్ క్... క్..." అంటుంటే, ఏది తెరవాలో ఏది మూయాలో తెలియక అవతలివాళ్లు జుట్టు పీక్కున్నారు. "ఖలాస్, ఇవి తగ్గేదాకా డ్యూటీకి రావద్దు," అని మేనేజరు పంపేశాడు. ఇంట్లో భానుమతి మాట్లాడటం మానేసి బట్టలు ఉతికింది, ఉతికినవే మళ్లీ ఉతికింది. ఆయనకి ఎక్కిళ్లొచ్చినప్పుడల్లా, తెల్లకోటు వేసుకున్న వసుంధర ల్యాబులో కూర్చుని ఈయన్నే తలుచుకుంటున్నట్టు ఆవిడ కళ్లకు కట్టేది. ఒళ్లు భగ్గుమనేది.

జీనత్ వచ్చి చూసి, "ఎవరి పేరో మిగిలింది భాభీ, చెప్పేయండి. పాపం, భాయ్‌సాబ్ సగమయిన్రు," అంది.

జీనత్ వెళ్లాక భానుమతి అడిగేసింది. "వసుంధర పేరు చెప్పి చూశారా?"

"చెప్పా... క్... కంపెనీ బస్సులోనే చెప్పి చూశా. ఆగలేదు. ఒట్టు."

ఆగలేదన్న మాట ఆవిడకి వినపడనే లేదు. "అంటే, ఆవిడే అయ్యుంటుందని మీకూ అనిపించిందన్నమాట!"

"అది కాదే... క్..." అంటూ సుధాకరరావు లేచాడు.

భానుమతి పెట్టె సర్దింది. "నేను అమ్ము దగ్గరికి పోతున్నా. మీరూ, మీ స్పాంజీ ఉండండి," అని ఎండలో పెట్టెని గేటు దాకా ఈడ్చుకెళ్లి టాక్సీ ఆపింది.

"ఇదిగో... క్... అమ్మూ వాళ్లమ్మా... క్... నిన్నే!" అంటూ సుధాకరరావు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ వెనక్కి చూడలేదు. ఎక్కి కూర్చుని తలుపు వేసుకోబోయింది.

"భానుమతీ!"

ఎక్కిళ్లు ఆగిపోయాయి.

ఆ నీళ్లకి పేరే కావాలి. 'నేను' అంటే ఎవరికి వాళ్లు నేనే కదా. ఇన్ని రోజులూ పగలనకా రాత్రనకా ఆయన్ని మనసులో నమిలి పారేస్తున్నది ఎవరో భానుమతికి తెలిసొచ్చింది. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

"అయితే ఆవిడ మిమ్మల్ని తలుచుకోవడం లేదన్నమాట," అంది, కొంచెం తృప్తిగానే.

"నువ్వు తలుచుకుంటుంటే ఇంకొకళ్లకి సందేదీ?"

టాక్సీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆయన పెట్టె మోసుకొచ్చి హాల్లో పెట్టాడు. ఎండకి నోరెండిపోయిన భానుమతి, కూజాలోని నీళ్లు వంచుకుని గటగటా తాగింది.

"క్."

"అమ్ము," అంది అలవాటుగా. ఆగలేదు.

ఆయన గోడకి ఆనుకుని తనవంకే చూస్తున్నాడు. ఇక చెప్పాల్సిన పేరు ఒక్కటే. గృహప్రవేశంనాడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి చెప్పిస్తే చెప్పింది. అంతే, మళ్లీ ఎన్నడూ ఆ పేరు ఆవిడ పలకలేదు.

"చెప్పేయ్, ఆగిపోతాయి," అన్నాడు సుధాకరరావు.

"ఏం అక్కర్లేదు," అంది భానుమతి. "క్... ఉండనివ్వండి."