పట్టేసిన ఇంజను

కోమలి బొమ్మ విమానం పంకాని వేలితో తిప్పుతూనే ఉంది, అది కదలడం లేదు. ఆమె నిలబడింది కాకినాడ కాలేజీ మైదానంలోనే, కానీ గడ్డి ఉండాల్సిన చోట ఎర్రగచ్చు మెరుస్తోంది, గోల్ పోస్టుల మధ్య ఎవరివో చీరలు ఆరేసి ఉన్నాయి, వాటిని తప్పించుకుంటూ అన్నయ్య విశ్వపతి నడిచి వస్తున్నాడు. పోయిన వానాకాలంలో చనిపోయిన మనిషి. ఆ సంగతి ఆమెకు తెలుసు గానీ దాని గురించి మాట్లాడే తీరిక లేదు; ఆయన చేసిన చెక్క విమానం ఎగిరితే చూద్దామని జనం చుట్టూ చేరారు, దాని ముక్కుకి బిగించిన నిమ్మకాయంత ఇంజనేమో రాయిలా బిగుసుకుపోయింది.

"బలవంతం చెయ్యకే, లోపల కడ్డీ విరుగుతుంది."

"మరేం చెయ్యాలో చెప్పు."

"ముందు వెనక మూత విప్పి చూడు."

విప్పుతుంది. ఆ మూత కింద ఇంకో మూత, దాని కింద ఇంకోటి, మరలు దోసిలి నిండి గచ్చు మీద దొర్లిపోతుంటే, ఆయన మాత్రం తీరిగ్గా ఈ ఏడు మామిడికాయల్లో పులుపే లేదని చెబుతున్నాడు. బతికున్నప్పుడూ ఇంతే. కాలేజీ కుర్రాళ్లందరికీ విమానాలు నేర్పాడు, సొంత చెల్లెలికి మాత్రం తోక పట్టుకునే పని. ఇంజను రాజుకోగానే తోక వదిలేసి, విమానం తగలకుండా తల వంచుకుని పక్కకి తప్పుకోవడం. విమానాన్ని తీగలతో గుండ్రంగా తిప్పే పిడి ఎప్పుడూ ఆయన చేతిలోనే.

"అన్నయ్యా, ఒక్కసారైనా ఆ పిడి నా చేతికిచ్చావా?"

"నువ్వడగలేదుగా."

"అడిగాను! ఎన్నిసార్లు అడిగానో!"

విశ్వపతి మొహం చిన్నబోతుంది. "ఇంజను మోతలో వినపడలేదే కోమలీ."

ఆమెకు ఒళ్లు మండుతుంది. అన్నాల దగ్గర అడిగితే అక్కడ ఏ మోత ఉందని నిలదీయాలనుకుంటుంది, కానీ నోటి నిండా మరలున్నాయి.

ఆయన గచ్చు మీద గొంతుక్కూచుని, ఒకప్పుడు ఆమె పట్టుకున్నట్టే, రెండు చేతులతో విమానం తోక పట్టుకుంటాడు. "ఇంధనంలో కలిపిన ఆముదం ఏళ్ల తరబడి ఉండిపోయి లోపల జిగురు కట్టేసింది. వేడి తగిలితే తనే వదులుతుంది. కాచు. ఈసారి నేను పట్టుకుంటాను, నువ్వు ఎగరెయ్యి."

మైదానం వంటిల్లవుతుంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు ఎంతకీ కాగవు, మంట పెంచిన కొద్దీ గిన్నె చల్లబడుతోంది, వెనక్కి తిరిగి చూస్తే ఆయన చేతులు తోకని వదల్లేదు గానీ మోచేతుల పైన చీరల రెపరెపలు తప్ప మనిషి లేడు.

"కాస్త ఉండు అన్నయ్యా," అంటుంది విసుగ్గా, "నీకెప్పుడూ తొందరే..."

తన మాట తనకే వినబడి కోమలికి మెలకువ వచ్చింది. భోజనం చేసి కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. పొద్దుటి నుంచి దానితో కుస్తీ పట్టి, విసుగెత్తి కిటికీ గట్టున పడేసిన అన్నయ్య ఇంజను మీదికి ఎండ జరిగి వచ్చింది. తీయబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. కొంగుతో పట్టుకుని ఇరుసుని మెల్లగా తిప్పింది. వెంట్రుకవాసి కదిలి మళ్లీ మొండికేసింది. అంచు నుంచి మాత్రం ముదురు గోధుమరంగు ఆముదం చుక్క ఒకటి ఊరి, ఆమె బొటనవేలి మీదికి జారింది.