అట్టమీద ఆవిడ

నీలిమందు అద్దిన దారం ఒక కొసను మేకుకు కట్టి, రెండో కొసను బిగబట్టి, మధ్యలో పట్టి లాగి టప్పున వదిలాడు సిద్దిరాములు. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర కొత్తగా సున్నం వేసిన ప్రహరీ మీద సన్నటి నీలిగీత పడింది. ఇక ఆ గీత మీద అక్షరాలు కూర్చోవాలి. 'సులభ వాయిదాలలో ప్లాట్లు' అని వెంచరువాళ్ళు రాసిచ్చిన చిట్టీ చొక్కా జేబులో ఉంది. చిట్టీ చూడటం, ఒక అక్షరం గీయడం. మళ్ళీ చూడటం, మళ్ళీ గీయడం.

నలభైనాలుగేళ్ళ మనిషి. ఎక్కే నిచ్చెనకు తోబుట్టువులా పొడుగ్గా, ఎండిపోయి ఉంటాడు. కుడిచేతి గోళ్ళ సందుల్లో ఎర్రరంగు, ఎడమచేతి వేళ్ళ కొసల్లో గిటారు తీగలు చేసిన కాయలు. అక్షరానికి పొట్ట ఎంత ఉబ్బాలో, కొమ్ము ఎక్కడ ఆగాలో ఈ చుట్టుపక్కల ఇతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అయితే అవే అక్షరాలను చేర్చి చదవమంటే మాత్రం ముచ్చెమటలు పోస్తాయి. రెండో తరగతిలోనే తండ్రి బడి మాన్పించి బర్రెల వెంట పంపాడు. బస్సు బోర్డు, దుకాణం పేరు ఎలాగో కూడబలుక్కుంటాడు, అంతే. ఆ సంగతి భార్య అండాలుకు తప్ప మరో పురుగుకు తెలియదు. అక్షరాలమ్ముకుని బతికేవాడికి చదువు రాదని ఎవరితో చెప్పుకుంటాడు? ఛీ, అనుకుంటేనే చెవులు కాలిపోతాయి.

పదకొండింటికి గోడ సగంలో ఆపి, బ్రష్షు కిరసనాయిల్లో కడిగి సైకిలెక్కాడు. ఆదివారం గదా, పాటల రోజు. వీపున గిటారు, హ్యాండిలుకు చుట్టగా చుట్టి కట్టిన బొమ్మ కాగితం, సంచిలో భానుమూర్తి సారు నవల.

భానుమూర్తి తెనాలి వైపు పంతులు. రిటైరై, గుండెజబ్బు తెచ్చుకుని, దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలో మేడమీద కిరాయికి ఉంటున్నాడు. ఆయన డాబామీదే సిద్దిరాములు జట్టు కచేరీ. హార్మోనియం పోస్టాఫీసు గుమాస్తా వెంకటేశ్వరరావుది. డోలకు బక్కయ్యది, వారమంతా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయి గంపలు మోస్తాడు. సిద్దిరాములుకు గిటారు మీద వచ్చింది నాలుగు పట్టులే అయినా ఆ నాలుగూ ప్రాణం పెట్టి వాయిస్తాడు. పంతులు నవల పూర్తిచేసి, కాలనీవాళ్ళ ముందు చదువుతాననీ, మధ్యమధ్య మీరు పాటలు కట్టాలనీ ముచ్చటపడ్డాడు. "అట్టమీద బొమ్మ మాత్రం నువ్వే వెయ్యాలి రాములూ. చదివి వెయ్యి. నువ్వు ఆర్టిస్టువి" అని, దారంతో ముడేసిన రాతకాగితాల కట్ట చేతిలో పెట్టాడు. అందరికీ పెయింటరే అయిన సిద్దిరాములును ఆర్టిస్టు అన్నది లోకంలో ఆయనొక్కడే. ఆ మాట దెబ్బకి 'నాకు సదువు రాదు సార్' అన్నది గొంతులోనే ఉండిపోయింది.

మూడు నెలలు ఆ కట్ట రంగు డబ్బాల పక్కనే పడి ఉంది. ఆ ఆదివారాల్లోనే పంతులు తన దగ్గరున్న చిత్తుప్రతిలోంచి మిగతా ఇద్దరికీ కథ చదివి వినిపించాడట. సిద్దిరాములేమో బోర్డుల సీజనని ఊరి బయట బాటసింగారం దారి పట్టుకుని తిరిగాడు. పనీ నిజమే, తప్పించుకోవడమూ నిజమే. చివరికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు బంకులో వేలాడే నవలల అట్టలన్నీ చూశాడు. అన్నిటి మీదా ఆడమనిషే. తనూ అదే వేశాడు. పెద్ద కళ్ళు, జారిన కొంగు, చేతిలో గులాబీ. "అబ్బ, సినిమాల ఆమె లెక్కనే ఉన్నది" అంది అండాలు.

డాబా ఎక్కగానే పంతులు కట్ట అందుకున్నాడు. "చదివావా నాయనా?"

"సదివిన సార్. మస్తుగున్నది."

పంతులు బొటనవేలు కట్టమీద దారాన్ని తడుముతూ ముడి దగ్గర ఆగింది. ముడి మీద ముడి, దానిమీద ఇంకో ముడి. ఆయన తన చేత్తో వేసింది వేసినట్టే ఉంది. సిద్దిరాములుకు అప్పుడు తట్టింది. అయ్యో, విప్పి కట్టినా బాగుండేది గదా! పంతులు కట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. "సంతోషం. ఏదీ, బొమ్మ చూపించు" అన్నాడు.

చుట్ట విప్పాడు. ముందు బక్కయ్యే నోరు తెరిచాడు.

"గీమె ఎవలే అన్నా? కథల ఆడమనిషే లేదు గదా! గోడల మీద అక్షరాలు రాసెటోడు, ఆని గిటారు, గంతే. అచ్చం నీ కథనే!"

సిద్దిరాములుకు తల తీసేసినట్టయింది. తన కథ! తన బతుకు రాసి చేతిలో పెడితే రంగు డబ్బాల పక్కన పారేశాడు. వెంకటేశ్వరరావు హార్మోనియం మెట్లు తుడవసాగాడు.

"నేనే వెయ్యమన్నాను బక్కయ్యా" అన్నాడు పంతులు. "చివర ఒకావిడ వస్తుంది. అది మీకింకా చదవలేదు." అబద్ధం ఆడటం చేతకాని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. "రాములూ, నీ దారం ఓ బారెడు ఇస్తావా? కాగితాలు పెరుగుతాయి, ఇది చాలదు."

సంచిలోంచి నీలిమందు దారం తీసి, తెంపి ఇచ్చాడు. ఆ పూట పాటపాటకీ తప్పు తీగే మీటాడు. దిగేటప్పుడు మెట్ల దగ్గర ఆగాడు. చెప్పాల్సింది నాలుగు ముక్కలే. 'సార్' వరకు వచ్చింది.

"ఏంటి నాయనా?"

"ఏం లే సార్. జర పైలం."

ఆ పిరికితనానికి దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. వచ్చే ఆదివారం చెప్పి తీరాలి, కాళ్ళమీద పడైనా సరే అనుకున్నాడు.

గురువారం పొద్దున అదే ప్రహరీ చివర 'కాలనీ' అన్న మాట గీస్తున్నాడు. కిందినుంచి బక్కయ్య పిలిచాడు.

"అన్నా, దిగు. సార్ పోయిండే. రాసుడు అయిపోంగనే, కుర్చీలనే."

'నీ' సగంలో ఆగిపోయింది.

అంతా అయ్యాక, మూడో రోజున, పంతులు భార్య ఇందిరాదేవి అతన్ని మెట్ల దగ్గరికి పిలిచింది. చేతిలో కట్ట ఉంది.

"ఆ ఆదివారం నుంచీ రాస్తూనే ఉన్నారు బాబూ. అయిపోయిన నవలకి ఇంకా ఏం రాస్తారండీ అంటే, ఒకావిడ రావాలి అన్నారు. బళ్ళో పిల్లలకి రాసినట్టు ఇంతింత అక్షరాలేమిటండీ అంటే, మా రాములు చదవాలి కదా, తొందరేం లేదు, మెల్లగా చదువుతాడు అన్నారు. రాయడం అవగానే ముడేసి, నీకే ఇమ్మన్నారు."

ఆయనకు అంతా తెలుసు. తెలిసే ఆ రోజు 'సంతోషం' అన్నాడు. సిద్దిరాములు అక్కడే మెట్టుమీద కూలబడి, పెద్దమనిషి ముందు పిల్లవాడు ఏడ్చినట్టు ఏడ్చాడు. ఇందిరాదేవి కట్ట అతనికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

కట్ట అతని ఒళ్ళో ఉంది. పైకాగితం మీద నీలిమందు అంటిన బొటనవేలి ముద్ర ఒకటి పడి ఉంది. ఈసారి ముడి మీద ముడి లేదు. పంతులు ఒకే ఒక జారుముడి వేసి, లాగితే ఊడిపోయేలా, దారం కొసను పొడుగ్గా బయటికి వదిలిపెట్టాడు.