నీళ్ళ అక్కమ్మ

"నీళ్ళు, పడకలు, వంట నువ్వు చూసుకో మేరీ. మిగతాదంతా నేను చూసుకుంటా," అన్నాడు ఎడ్విన్, గార్డు కోటుకు ఇత్తడి బొత్తాలు పెట్టుకుంటూ.

మిగతాదంటే ఏమిటో, ఆ ఇంట్లో మేరీ అనిపించుకునే అతని భార్య మారెమ్మకు ఎంత ఆలోచించినా తట్టలేదు. నలభైమంది దాకా చుట్టాలు నాలుగు దిక్కుల నుంచి దిగబోతున్నారు. వాళ్ళకు నీళ్ళూ పడకలూ తిండీ తీసేస్తే మిగిలేది స్టేషనుకు పోయి చేతులూపడం ఒక్కటే. ఆ పని ఎడ్విన్ బాగానే చేస్తాడు, పచ్చజెండా ఊపి ఊపి చెయ్యి అలవాటుపడింది. తినేటప్పుడు ఉప్పు తక్కువైందని చెప్పడం కూడా అతని వాటాలోకే వస్తుంది కాబోలు.

అది 1961 ఎండాకాలం, ఊరు గుంతకల్లు. బెంగుళూరు, మద్రాసు, హుబ్లీ, బెజవాడ, ఏ దిక్కు నుంచి వచ్చే బండైనా ఇక్కడ ఆగాల్సిందే. అందుకే కుటుంబమంతా ఒకచోట కలవాలనుకున్నప్పుడు అందరి కళ్ళూ ఈ ఊరి మీద, అంటే మారెమ్మ వంటింటి మీద, పడ్డాయి. మామ హెన్రీ పెన్షను పుచ్చుకుంటున్న ఇంజను డ్రైవరు. ఆయనకు అరవై అయిదు నిండుతున్నాయి. పైగా మద్రాసు వాళ్ళు సామాను సర్దుకుని ఓడెక్కి ఆస్ట్రేలియా పోతున్నారు, మళ్ళీ ఎప్పుడు చూస్తామో అని అందరికీ ఒకటే బెంగ. మూడు తరాలవాళ్ళం ఒక్కసారైనా ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని ఆడబిడ్డ ఎల్సీ బెంగుళూరు నుంచి పట్టుబట్టింది. ఆ బల్ల ఎవరు వెయ్యాలో, ఎవరు తుడవాలో ఆమె చెప్పలేదు. చెప్పనవసరం లేదు కూడా.

వీళ్ళు ఆంగ్లో ఇండియన్లు, ఊళ్ళో అరదొరలంటారు. హెన్రీ తండ్రి తెల్లదొర, రైలుపట్టాల పని చూసే ఇన్‌స్పెక్టరుగా వచ్చినవాడు. హాల్లో గోడ మీద ఆయన పటం మీసాలతో సహా వేలాడుతుంటుంది. పక్కన ఆడమనిషి పటం లేదు. హెన్రీని కన్నతల్లి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. మాటలు సగం ఇంగ్లీషు, సగం సీమ తెలుగు, కోపమొస్తే కన్నడం. చుట్టాలొస్తే పసుపన్నమూ కైమా ఉండల కూరా. ఎవరూ లేనప్పుడు మాత్రం మామ వంటింటి తలుపు దగ్గరికి వచ్చి, "సంగటి ఉండాదామ్మా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. ఊరిబిండి, అంటే శెనక్కాయల పచ్చడి, నంజుకుని రాగిముద్ద తింటున్నంతసేపూ ఆయన ఎవరితోనూ మాట్లాడడు. తిన్నాక చెయ్యి సబ్బుతో కడుక్కుని మళ్ళీ దొర అయిపోతాడు.

మారెమ్మ కంబదూరు దగ్గర ఒక పల్లె బోధకుడి కూతురు. మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటుండగా పెళ్ళయింది. కాపురానికి వచ్చిన మొదటి వారమే అత్త, "మారెమ్మేంది మారెమ్మ, గొర్రెలు కాసేదాని పేరు మాదిరి. ఈపొద్దు నుంచి నువ్వు మేరీ," అనింది. పేరుతోపాటు ఆసుపత్రి పని కూడా ఆ వారంలోనే పోయింది. పన్నెండేళ్ళయింది. "ఇంట్లో ఊరికే కూర్చునేదానివి, ఆ మాత్రం చూసుకోలేవా?" అని ఎడ్విన్ అన్నప్పుడల్లా, తను ఎప్పుడు కూర్చుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది.

రెండేళ్ళుగా సరైన వాన లేదు. క్వార్టర్ల కొళాయి పొద్దున కాసేపు దగ్గి ఊరుకుంటుంది. మిగతా నీళ్ళన్నీ ఇంజన్లకు పట్టే గొట్టం దగ్గర నుంచి మోసుకురావలసిందే. ఆ మోసేది అక్కమ్మ. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, వెన్ను వంగింది గాని నెత్తిన బిందె వంగదు. ఇంట్లో అందరూ ఆమెను "ఏయ్ నీళ్ళామే" అంటారు. మారెమ్మ ఒక్కతే "అత్తా" అంటుంది. అక్కమ్మ కూడా ఈమెను ఇంట్లో ఎవరూ పిలవని పేరుతో "మారెమ్మా" అని పిలుస్తుంది.

ఎల్సీ ముందురోజే దిగి పడకలు పంచడం మొదలుపెట్టింది. మద్రాసు వాళ్ళకు రైల్వే వాళ్ళ క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌లో గదులు. కోలారులో ఉండే ఎడ్విన్ అన్నకు ఇంట్లో ముందుగది. హుబ్లీ వాళ్ళకు బడి వరండా.

"హుబ్లీ వాళ్ళకు చంటిబిడ్డ ఉండాది గదా వదినా, ఆడ దోమలు..."

"వాళ్ళకు అలవాటేలే మేరీ."

మారెమ్మకు మొదట అర్థం కాలేదు. పరుపులు మోసుకుంటూ ఇంటికీ బడికీ తిరుగుతుంటే తెలిసింది. పంచింది వయసును బట్టి కాదు, చంటిపిల్లల్ని బట్టీ కాదు, ఒంటి రంగును బట్టి. తెల్లగా ఉన్నవాళ్ళకు ఫ్యాను, చామనఛాయ వాళ్ళకు కిటికీ, నల్లటివాళ్ళకు ఆకాశం. ఇందులో మారెమ్మ ఎక్కడ పడుకుంటుందో ఎవరూ అడగలేదు, అసలు ఆమె పడుకుంటుందనే ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ ఎడ్విన్ మామూలు మాటలాగే అన్నాడు. "అక్క మన చిన్నదాన్ని, రూబీని, బెంగుళూరుకు తీసుకపోతాండాది. కాన్వెంటులో చదివిస్తాదంట. రేపు భోజనాల కాడ అందరికీ చెప్తాది. ఎల్లుండి బండికి పోతారు."

మారెమ్మ చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. "ఫ్లోరా?"

"ఫ్లోరా ఈడే ఉంటాదిలే. నీకు చేతికింద అక్కరకొస్తాది."

"అది పెద్దది. లెక్కల్లో తరగతికంతా అదే ముందు."

"లెక్కలు గాదు మేరీ. అక్క ఆడ నలుగురిలో తిరుగుతాది. పక్కన నిలబడే పిల్ల గూడా కొంచెం..." అని ఆగి, "నీకు తెలీందేముండాది," అన్నాడు.

"నన్నొక మాట అడిగినారా?"

"అడిగేదానికేముండాది? చెడ్డ పనేం గాదు గదా."

పొద్దు మునిగేదాకా బియ్యంలో రాళ్ళేరుతూ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకుంది మారెమ్మ. చెడ్డ పని కాదు, నిజమే. ఎల్సీ వదినకు పిల్లల్లేరు, ఆ లోటు ఎంతటిదో ఆడదానిగా తనకూ తెలుసు. కాన్వెంటు చదువు మంచిదే. ఇద్దర్నీ తీసుకుపోతానంటే గుండె రాయి చేసుకుని పంపేదేమో. కానీ ఒకటి కావాలి, ఒకటి వద్దు. సంతలో వంకాయలు ఏరినట్టు తిప్పి చూసి ఏరుకుంటున్నారు. రూబీ తెల్లగా, మామ పోలికతో పుట్టింది. పెద్దది ఫ్లోరా తన పోలిక. ఆ పిల్ల పుట్టినప్పుడు ఎడ్విన్ ఉయ్యాల్లోకి తొంగి చూసి, "పోనీలే, ఆరోగ్యంగా ఉండాది," అన్నాడు. ఆ "పోనీలే"ని పదకొండేళ్ళుగా మింగుతూనే ఉంది. కోపం వచ్చింది. ఎడ్విన్ మీద, ఎల్సీ మీద, అన్నిటికీ "సరేలెండి" అంటూ వచ్చిన తన నోటి మీద. అంత కోపంలోనూ చేతులు రాళ్ళేరుతూనే ఉన్నాయి, అందుకు ఇంకా కోపం వచ్చింది.

మరునాడు పొద్దున్నే ఎల్సీ పిల్లలిద్దర్నీ వరండా మెట్ల మీదికి పిలిచి ఎండలో పక్కపక్కన నిలబెట్టింది. నీలం గౌను ఒక్కటే తెచ్చింది. దాన్ని రూబీ భుజాలకు ఆనించి, ఒకసారి ఆ పిల్లనూ ఒకసారి ఈ పిల్లనూ చూసి, "ఒక కడుపున పుట్టినారంటే ఎవరన్నా నమ్ముతారా?" అని నవ్వింది. తర్వాత ఫ్లోరాతో, "నువ్వు లోపలికి పో, ఎండకు ఇంకా కమిలిపోతావ్," అంది. ఫ్లోరా లోపలికి పోయింది. ఏడవలేదు.

మెట్ల కింద బిందెతో నిలబడిపోయిన అక్కమ్మ కదల్లేదు. నీళ్ళు ఒలికి చీర తడుస్తున్నా చూసుకోలేదు. తర్వాత పెరట్లో డ్రమ్ములో నీళ్ళు పోస్తూ, "నన్నూ అట్లే నిలబెట్టినారు మారెమ్మా," అంది.

"ఎవరత్తా?"

"మా నాయన. ఆ దొర." హాల్లో పటం వైపు గడ్డం ఎత్తి చూపింది. "మా అమ్మ తిప్పమ్మ లైను మీద కంకర మోస్తాండె. ఒకపొద్దు దొర వచ్చి నన్నూ మా తమ్మున్నీ ఎండలో నిలబెట్టి సూసినాడు. యాడికో తీసుకపోతాడని నేను తల దువ్వుకుని నిలబడినా. వాని చెయ్యి పట్టుకుని బండెక్కిచ్చినాడు. నన్ను సూసి మా అమ్మతో, ఇది ఈడే ఉండనీ, నీకు చేతికింద అక్కరకొస్తాది అన్నాడు."

ఆ తమ్ముడు హెన్రీ అని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎడ్విన్ తల్లి పోయేముందు మారెమ్మ చెవిన కూడా వేసింది. తెలిసినా తెలియనట్టే ఉండటం ఈ ఇంటి మర్యాద. కానీ ఆ చివరి మాట మారెమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా నిన్న సాయంత్రం ఎడ్విన్ నోట వినింది, అక్షరం పొల్లుపోకుండా. అతనికి తాత ఆస్తేమీ రాలేదు గాని ఆ మాట మాత్రం వచ్చింది.

"మామకు నువ్వు తెలుసు గదా అత్తా?"

"తెలీకేం. నేను దొరా అంటా, ఆయప్ప తల వంచుకుంటాడు." అక్కమ్మ కొంగు పిండుకుంది. "వాని పేరు ఎర్రన్న. మా అమ్మ పెట్టింది. ఆ పేరు తెలిసినోళ్ళు ఇంగ నేనొకదాన్నే ఉండా."

మధ్యాహ్నానికి పెరట్లో షామియానా కింద బల్లలన్నీ కలిపి ఒకటే పొడుగాటి బల్ల చేశారు. చేశారంటే మారెమ్మా అక్కమ్మా చేశారు. తెల్లవారుజాము నుంచి ఒక్కో బండీ దింపిన చుట్టాలంతా స్నానాలు చేసి, ముద్దులు పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని కుర్చీల్లో సర్దుకున్నారు. కోలారు అన్న ఎడ్విన్ భుజం తట్టి, "ఈ కరువులో భలే ఏర్పాటు చేసినావప్పా," అన్నాడు. "ఏముందిలే అన్నా," అని ఎడ్విన్ వినయంగా నవ్వాడు. ఆ వినయం చూసి మారెమ్మకు చేతిలో గరిటె విసిరేయాలనిపించింది.

ఆ కుటుంబానికి ఒక పద్ధతుంది. అందరికన్నా వయసులో పెద్ద ఎవరో వాళ్ళు బల్ల కొసన చేతుల కుర్చీలో కూర్చుని ప్రార్థన చెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ అన్నం ముట్టకూడదు. ఆ కుర్చీలో హెన్రీ కూర్చున్నాడు. రూబీ నీలం గౌను వేసుకుని ఎల్సీ పక్కన. ఫ్లోరా చేతిలో నీళ్ళ చెంబు.

"మేరీ, నువ్వూ నీళ్ళామే వడ్డించండి. ప్రార్థన కాగానే నేను రూబీ సంగతి చెప్తా," అంది ఎల్సీ.

మామ కళ్ళు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు. మారెమ్మ మూసుకోలేదు. వంటింట్లోకి పోయి కుర్చీ ఒకటి తెచ్చి మామ పక్కన వేసింది. తొట్టి దగ్గర గిన్నెలు తోముతున్న అక్కమ్మను తడిచెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "వద్దు మారెమ్మా, వద్దు బిడ్డా," అని గింజుకుంటున్నదాన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టింది. కుర్చీ చప్పుడుకు ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.

"మేరీ! ఏం పని ఇది? నీళ్ళామెను ఈడ కూర్చోబెడతావా?" ఎల్సీ గొంతు కీచుమంది.

"ఈడుండే వాళ్ళందరికన్నా పెద్దామె వదినా. పెద్దవాళ్ళే గదా ప్రార్థన చెయ్యాల్సింది. ఆమె ఎవరో మామ చెప్తాడు."

హెన్రీ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. లోపలికి వెళ్ళిపోతాడని అందరూ అనుకున్నారు, మారెమ్మ కూడా అనుకుంది. ఆయన వెళ్ళలేదు. అక్కమ్మ చెయ్యి పట్టుకుని లేపి, కొసన ఉన్న తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె లేచిన వంటింటి కుర్చీలో తను కూర్చున్నాడు. "కూర్చో అక్కా," అన్నాడు. సంగటి అడిగే గొంతుతో అన్నాడు.

అక్కమ్మకు ప్రార్థన రాదు. బల్ల పొడుగునా తన వైపే చూస్తున్న తెల్లటి, ఎర్రటి, నల్లటి మొహాల్ని బిత్తరపోయి చూసింది. "కూడు సల్లారిపోతాండాది. తినండి," అంది. తర్వాత పక్కకు తిరిగి మెల్లగా, "తినురా ఎర్రోడా," అంది. హెన్రీ తల వంచుకున్నాడు. ఈసారి కన్నీళ్ళు కంచంలో పడ్డాయి.

మారెమ్మ ఫ్లోరా చేతిలో చెంబు తీసి బల్ల మీద పెట్టింది. "రూబీ, ఇట్లా రా," అంది. ఎల్సీ పక్కనుంచి రూబీ లేచి వచ్చింది. పెద్దదాన్ని ఒకవైపు, చిన్నదాన్ని ఒకవైపు కూర్చోబెట్టుకుని, తనూ కూర్చుంది. పన్నెండేళ్ళలో ఆ కుటుంబంతో ఒక బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు.

"మేరీ, నువ్వు కూర్చుంటే వడ్డించేదెవరు?" ఎడ్విన్ ఎర్రబడ్డ మొహంతో అడిగాడు.

"గిన్నెలు ఆడే ఉండాయి. మిగతాదంతా నేను చూసుకుంటానంటిరి గదా."

ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎడ్విన్ ఎటు చూడాలో తెలియక నిలబడి, చివరికి గరిటె అందుకున్నాడు. ఎల్సీ మాత్రం ఊరుకోలేదు. "సరే మేరీ, అదంతా తర్వాత. రూబీని ఇట్లా పంపు, నేను అందరికీ చెప్పాల."

మారెమ్మ పసుపన్నం ఇద్దరి కంచాల్లోనూ సమంగా పెట్టింది. "చెప్పేదానికేం లేదు వదినా. నా బిడ్డలిద్దరూ ఈ పూట నా పక్కనే తింటారు," అంది. "రేపు గూడా."