ఎవరి వాటాకీ రాని గడి

మధ్యాహ్నం నుంచీ వెర్నాకు మనసు ఒకచోట నిలవలేదు. కాఫీ పోసుకుంది, తాగలేదు. కిటికీ దాకా వెళ్లింది, వచ్చి కూర్చుంది. పొద్దున వద్దన్న ఒక దరఖాస్తు ఆమెను వదలడం లేదు.

ఒహాయోలోని ఆ చిన్న కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒకటే. సీటు కోసం పిల్లలు పంపుకున్న దరఖాస్తులు చదివి, తీసుకోవచ్చో లేదో చెప్పడం. దేశంలో అన్ని కాలేజీలకూ దరఖాస్తు దాదాపు ఒకే నమూనా. అయినా ఒక్కోదానికి అరగంట కూర్చునేది. తన వంటింటి బల్ల దగ్గర, ఒక్కతే, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేది.

ఈ చలికాలం పద్ధతి మార్చారు. దరఖాస్తులు రెట్టింపయ్యాయి, చదివేవాళ్లు పెరగలేదు. ఇప్పుడు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు మార్కులు చూస్తారు. ఇంకొకరు పిల్లలు తమ గురించి రాసిన వ్యాసం, టీచర్ల సిఫారసు ఉత్తరాలు చూస్తారు. ఎవరి కంప్యూటర్లో వాళ్ల వాటా మాత్రమే వస్తుంది. ఎనిమిది నిమిషాల్లో మాట్లాడుకుని ఓటు వేయాలి. సాయంత్రం ఐదింటికి ఆ రోజు ఓట్లకు తాళం పడుతుంది, ఆపైన మార్చడానికి లేదు.

వెర్నా జత కార్ల్‌టన్. నలభై దాటినవాడు, మునుపు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. మార్కులు అతనివి, రాతలు ఆమెవి.

పొద్దున వచ్చినది డార్లా ప్రూయిట్ అనే పిల్లది. వెస్ట్ వర్జీనియా కొండల్లోంచి. పాత రేడియోలు బాగుచేయడం గురించి ముచ్చటగా రాసింది. కానీ హైస్కూలు మూడో ఏడు లెక్కలూ కెమిస్ట్రీ పోయాయి. "కారణం ఏమైనా రాసిందా?" అన్నాడు కార్ల్‌టన్. లేదంది వెర్నా. ఇద్దరూ వద్దన్నారు. ఏడు నిమిషాలే పట్టింది.

రేడియోలో ఏ తీగ ఎక్కడ తెగిందో వరసగా చెప్పిన పిల్ల, తన మార్కులెందుకు పడిపోయాయో చెప్పకుండా ఎలా వదిలేసింది?

నాలుగున్నరకు గుర్తొచ్చింది.

"కార్ల్‌టన్, దరఖాస్తు చివర ఒక గడి ఉంటుందే. ఇంకేమైనా చెప్పుకోవాలంటే ఇక్కడ రాయండి అని. అది నువ్వు చూస్తున్నావు కదా?"

"రాతలు మీ వాటా కదండీ."

"నాకు రావడం లేదు. మార్కుల సంగతి చెప్పుకునేది అందులోనే కదా, నీకు పెట్టారేమో అనుకున్నా."

"నాకూ రావడం లేదు," అని నవ్వబోయి ఆగిపోయాడు.

దరఖాస్తులు మొత్తంగా కనిపించే ఆఫీసు కంప్యూటర్లో డార్లాది తెరిచారు. గడిలో నాలుగు వరుసలున్నాయి. సెప్టెంబరు వరదకు మా వంతెన కొట్టుకుపోయింది. బడికి బస్సు చుట్టూ తిరిగి వచ్చేది. మొదటి రెండు పీరియడ్లు, లెక్కలూ కెమిస్ట్రీ, అందేవి కావు. ఏప్రిల్లో వంతెన వేశారు.

ఓటు మార్చాలంటే జతలో ఇద్దరూ అడగాలి, పై అధికారి లొరైన్ ఒప్పుకోవాలి. ఇద్దరూ వెళ్లారు.

"ఈ పద్ధతి మీకు మొదటినుంచీ గిట్టదు, వెర్నా," అంది లొరైన్.

"గిట్టదు. ఇది ఆ గొడవ కాదు. ముందు ఇది చదివి చూడు."

లొరైన్ చదివింది. మళ్లీ చదివింది. "నాదే పొరపాటు. వాటాలు వేసినప్పుడు దీన్ని ఎవరికీ ఇవ్వలేదు. రేపటి నుంచి పెట్టిస్తాను. ఈ అమ్మాయి ఓటు మార్చుకోండి."

ఐదింటికి తొమ్మిది నిమిషాల ముందు డార్లా పేరు ఎదుట 'తీసుకోవచ్చు' అని పడింది.

"ఇక నిద్ర పడుతుంది మీకు," అన్నాడు కార్ల్‌టన్.

వెర్నా కోటు తొడుక్కుంది. గుండీలు సగం పెట్టుకుని ఆగింది.

"ఈ పద్ధతి పెట్టిన పది రోజుల్లో మనం ఎన్ని చూశాం?"

"నాలుగొందల పైనే. వాటికి తాళం పడిపోయింది, వెర్నా."

ఆమె కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఆఫీసు కంప్యూటర్లో మొదటి రోజు జాబితా తీసింది.

"చదివి ఏం చేస్తారు? మార్చనివ్వరుగా."

"ముందు చదవనీ. తర్వాత లొరైన్‌తో నేను మాట్లాడతాను."

కార్ల్‌టన్ గడియారం చూశాడు. ఇంటికి ఫోన్ చేసి, రావడం ఆలస్యమవుతుందని చెప్పాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

మొదటిదాంట్లో గడి ఖాళీగా ఉంది. రెండోదీ ఖాళీయే. మూడోదాంట్లో తొమ్మిది వరుసలున్నాయి.